అయిదో మాటకు ముందు

ఏడాదంతా మూసి ఉంచే నా గొంతును ఈస్టరుకు ముందు నలభై శ్రమదినాల్లో మాత్రమే దేవుడు ఎందుకు తెరుస్తాడన్న సందేహం ఎన్నో ఏళ్ళుగా నాలో ఉంది. ఎవరినీ అడగలేదు. అడిగితే ఆ నలభై రోజుల గొంతు కూడా వెనక్కి తీసుకుంటాడేమోనని భయం. ఇచ్చినంత తీసుకుని, ఇచ్చినన్నాళ్ళు పాడుకుని, ఈస్టరు వెళ్ళాక మళ్ళీ దగ్గుతూ కూర్చోవడం అలవాటు చేసుకున్నాను. ఇవాళ మంచి శుక్రవారం. భట్టిప్రోలు చర్చిలో ఆడవాళ్ళ వైపు రెండో వరసలో, తెల్లచీర కొంగు మెడ చుట్టూ తిప్పుకుని, నా సందేహానికి జవాబు కోసం కూర్చున్నాను. మూడో మాట అయిపోయింది. నాలుగో మాట చెప్పడానికి బడిపంతులుగారు లేచారు. ఆయన కూర్చున్నాక నేను లేవాలి. లేచి పాడాలి. పాడుతుండగా దగ్గు వస్తుందో రాదో, జవాబు అందులోనే ఉంది.

మంచి శుక్రవారం ఆరాధన మాకు మిట్టమధ్యాహ్నం మొదలై మూడింటిదాకా సాగుతుంది. సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల గురించి ఏడుగురు మాట్లాడతారు. ఒక్కో మాటకు ముందు ఒక పాట. అయిదోది దప్పిగొనుచున్నానన్న దాహం మాట. దాని ముందు పాట మా ఇంటివాళ్ళది. మా మామగారు మిషను బడిలో పాఠాలు చెప్పుకుంటూ కట్టారు, మా అత్తగారు పాడారు, ఆమె పోయాక నాకొచ్చింది. నగలు పంచుకున్నట్టు పాటలు పంచుకుంటారు మా వాళ్ళు. అత్తగారి ఉంగరం మా వదిన కాంతమ్మకు, పాట నాకు. హార్మోనియం మాత్రం మొదటినుంచీ మా ఆయనది. అదిగో, వేదిక పక్కన కూర్చున్నారు యాకోబుగారు, నా యాకోబుగారు, చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది. రేపల్లె డిపోలో బస్సుల కింద పడుకుని నట్లు బిగించిన వేళ్ళు, రిటైరై ఇన్నేళ్ళయినా గోళ్ళ చుట్టూ నల్లగీత పోలేదు, ఆ వేళ్ళతోనే హార్మోనియం మెట్లను అంత మెత్తగా ఎలా తాకుతారో నాకు ఇప్పటికీ తెలియదు. పెదవులు ఎండిపోయి తెల్లగా ఉన్నాయి. ఇవాళ చీకటి పడేదాకా ఆయన నీళ్ళు ముట్టరు. మూడింటికి అందరూ మజ్జిగ తాగుతారు, ఆయన తాగరు. ఎందుకో నాకూ మా వదినకూ తప్ప ఎవరికీ తెలియదు.

నా సంచిలో స్టీలు సీసా నిండా నీళ్ళున్నాయి. సంచి కాళ్ళ దగ్గర పెట్టుకున్నాను, పాదానికి చల్లగా తగులుతోంది. దగ్గు వస్తే తాగడానికి తెచ్చుకున్నాను. రాకూడదని ప్రార్థన చేసుకుంటూనే వస్తే ఏం చేయాలో ఏర్పాటు చేసుకోవడం అవిశ్వాసమేమో. లిడియా అయితే దాన్ని జాగ్రత్త అంటుంది. లిడియా మా అమ్మాయి, బాపట్లలో లెక్కల టీచరు. దానికి ప్రతిదానికీ ఒక మాట ఉంటుంది. నిన్న ఫోనులో చెప్పింది, అమ్మా దగ్గొస్తే దగ్గు, దేవుడేం పరీక్ష పెట్టట్లేదు, నువ్వే పెట్టుకుంటున్నావు అని.

నా దేవా, నన్నెందుకు విడిచిపెట్టావు అన్న మాట గురించి చెబుతున్నారు పంతులుగారు. నాలుగో మాట ఎప్పుడూ నాకు గుంటూరు ఆసుపత్రి గుర్తు చేస్తుంది. పచ్చతెర, తెర అవతల ఎవరిదో మూలుగు, నా ఛాతీ మీద వైర్లు. గుండెపోటు చిన్నదేనన్నారు. గొట్టం పెట్టి దారి తెరిచామన్నారు. ఆ రోజు విడిచిపెట్టావా అని అడిగాను, అంటే పెదవులతో కాదు. బతికితే ఆ పాట నా ఊపిరి ఉన్నన్నాళ్ళూ పాడతానని కూడా అన్నాను. ఇంటికి పంపేటప్పుడు మాత్రలు రాసిచ్చారు, పొద్దున ఒకటి, రాత్రి రెండు. పొద్దున మాత్ర కందిగింజంత. దాని పేరు రామిప్రిల్ అని నాకు మొన్న మొన్ననే తెలిసింది, అన్నాళ్ళూ నాకది పొద్దున మాత్ర. గుండె మీద బరువు తగ్గిస్తుందని చెప్పారు. దగ్గు రావచ్చని కూడా చెప్పారేమో. నేను వినలేదు. ఇంటికి పోనిస్తారా లేదా, ఆ ఒక్కటే నా చెవికెక్కింది ఆ రోజు.

క్రిస్మసుకు ఇంటికొచ్చాను. కొత్త సంవత్సరం ఆరాధనలో గొంతులో ఏదో గిలిగింత, ఎవరో కోడి ఈక పెట్టి తిప్పినట్టు. కఫం లేదు, జ్వరం లేదు. దగ్గితే పోదు, దగ్గకుండా ఉండలేను. నీరసంగా ఉన్నావు, ఈ ఏడు ఉపవాసాలు వద్దన్నారు ఇంట్లో, సరేనని ఆ ఏడు మంచి శుక్రవారం ఒక్కరోజే ఉపవాసం ఉన్నాను. ఇదే వేదిక. ఇదే పాట. నదుల పుట్టించినవాడా, నాలుక ఎండిందా, అని పల్లవి ఎత్తుకున్నాను, మొదటి చరణం గడిచింది, రెండోది గడిచింది, చివరి చరణం ఎత్తుకోగానే ఈక కదిలింది. వంగిపోయాను. కళ్ళమ్మట నీళ్ళు, నోట్లో తడి లేదు. చర్చంతా నిశ్శబ్దం, అందులో నా దగ్గు ఒక్కటే, రేకుల షెడ్డు మీద రాళ్ళు పడ్డట్టు. హార్మోనియం ఆగిపోయింది. తల ఎత్తేసరికి ఆయన లేరు. బయట కుళాయి దగ్గరకు పరిగెత్తారట, గ్లాసు దొరకలేదట, దోసిట్లో నీళ్ళు పట్టుకుని నడుమదారి గుండా నడిచి వస్తున్నారు, సగం నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి కారిపోతున్నాయి, వెనకే తడి గీత. నా మూతి దగ్గర పెట్టారు. తాగాను. మంచి శుక్రవారం, మూడు కాకముందు, దాహం మాట ముందు, అందరూ చూస్తుండగా నీళ్ళు తాగాను. చివరి చరణం పాడకుండానే కూర్చున్నాను.

ఆ సాయంత్రం మా వదిన అరుగు మీద కూర్చుని ఎటో చూస్తూ అంది, "అయిదో మాటకి నీళ్ళు తాగినోళ్ళని మా అమ్మ ఇంట్లో ఎప్పుడూ చూళ్ళేదు" అని. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన కాళ్ళు కడుక్కుంటున్నవారు చెంబు కింద పెట్టి, "అవి నా వాటా నీళ్ళక్కా. నీ మరదలు దానమ్మ తాగింది నావి. చీకటి పడేదాకా నేను తాగను. లెక్క సరిపోద్దిగా" అన్నారు. అక్కడితో అయిపోతుందనుకున్నాను. అయిపోలేదు. మరుసటి ఏడూ అంతే, ఆ పై ఏడూ అంతే. ఎందుకండీ ఇంకా అంటే, అలవాటైపోయిందిలే అంటారు. అరవై దాటిన మనిషి, ఏప్రిల్ ఎండ, చీకటి పడ్డాక మొదటి గుక్క మింగేటప్పుడు గొంతులో చప్పుడు నాకు పక్కగదిలోకి వినిపిస్తుంది. ఒక దోసెడు నీళ్ళు. నేను ఆయనకు బాకీ ఉన్నది అంతే. కానీ ఎలా తీర్చాలి, దగ్గు పోనిదే తీరదు కదా.

పోగొట్టుకోవడానికి చేయనిది లేదు. మిరియాల పాలు తాగాను. అల్లం తేనె నాకాను. కరక్కాయ బుగ్గన పెట్టుకుని పడుకుంటే దిండంతా పసుపు మరకలు. రేపల్లెలో డాక్టరుగారు ఎక్స్‌రే తీయించారు, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయన్నారు, సిరప్పు రాశారు. ఆయన నా దగ్గు చూశారు, గుంటూరువాళ్ళు నా గుండె చూశారు, రెండూ ఒక మనిషివేనని ఎవరికైనా చెప్పాల్సిన పని ఉందని నాకు తోచలేదు. పొద్దున మాత్ర అయిపోతే పాత అట్ట చూపించి మందుల షాపులో కొత్తది తెచ్చుకోవడమే. లిడియా సముద్రపు గాలి మంచిదని బాపట్ల తీసుకుపోయింది, సూర్యలంకలో ఇసుకలో కూర్చోబెట్టింది. గాలి హాయిగా ఉంది. దగ్గు అలాగే ఉంది. మా అల్లుడు, "అత్తయ్యా, మీ దగ్గుకి అలలు కూడా ఆగి చూస్తున్నాయండి" అన్నాడు. నవ్వబోయి మళ్ళీ దగ్గాను.

పై ఏడు శ్రమదినాలు వచ్చాయి. ఈసారి ఎవరి మాటా వినలేదు. పోయినేడు తాగిన నీళ్ళకు బదులుగా నలభై రోజులూ ఉపవాసం ఉంటానని నిశ్చయించుకున్నాను. దీపాలవేళ దాకా మెతుకు లేదు. ఇక ఖాళీ కడుపున మాత్ర వేసుకుంటే పేగులు పుండవుతాయని మా అమ్మ చెప్పగా విన్నదాన్ని, కనుక పొద్దున మాత్ర పక్కన పెట్టాను. రాత్రివి రాత్రి అన్నం తిన్నాక వేసుకున్నాను. పొద్దున మాత్ర సాయంత్రం వేసుకోవచ్చేమో అనే ఆలోచన కూడా రాలేదు, పొద్దున ప్రార్థన సాయంత్రం చేస్తామా. రెండు వారాలు గడిచేసరికి ఒక తెల్లవారుజామున మెలకువ వచ్చింది. ఏదో తేడాగా ఉంది, ఏమిటో తెలియడం లేదు. అప్పుడు తెలిసింది, దగ్గకుండా నిద్రపోయాను. లేచి మోకాళ్ళ మీద పడ్డాను. ఆ శుక్రవారం మూడు చరణాలూ పాడాను. ఈస్టరు అయ్యింది, అన్నం మొదలైంది, మాత్ర మొదలైంది, కొన్నాళ్ళకు దగ్గూ మొదలైంది. నాకు అన్నం కనిపించింది, మాత్ర కనిపించలేదు. తింటే గొంతు మూస్తాడు, పస్తుంటే తెరుస్తాడు. ఆయనకు నా ఆకలి అంత ఇష్టమా అని ఒక్కోసారి బాధ కలిగేది. బిడ్డ ఏడిస్తే గాని పాలివ్వని తల్లి ఉంటుందా. అలా అనుకున్నందుకు మళ్ళీ క్షమాపణ అడిగేదాన్ని.

స్త్రీల సమాజంలో దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పమన్నారు, చెప్పాను. మరుసటి ఏడు మళ్ళీ చెప్పమన్నారు. చెప్పగా చెప్పగా ఆ సాక్ష్యం పాటలాగే నాకు నోటికొచ్చేసింది. ఈస్టరు తర్వాత వచ్చే ఆయాసం గురించి మాత్రం అందులో ఉండేది కాదు. పాదాలు ఉబ్బేవి, చెప్పుల పట్టీ అచ్చు పడేది, రెండు దిండ్లు ఎత్తుపెట్టుకుని పడుకునేదాన్ని. ఉపవాసాల నీరసం అనుకున్నాను. నీరసం సాక్ష్యంలో చెప్పేదేముంది.

ఎవరో దగ్గారు. నేను కాదు. మగవాళ్ళ వైపు. నా వీపు నిటారుగా అయిపోయింది. పక్కన కూర్చున్న నా స్నేహితురాలు రత్నం నా మోచేతి మీద చెయ్యి వేసింది. రత్నానికి అంతా తెలుసు.

ఈ ఏడు శ్రమదినాలు మొదలవడానికి కొద్దిరోజుల ముందు లిడియా వచ్చి, "ఆ పాదాలేంటమ్మా, గుమ్మడికాయల్లాగా" అని అప్పటికప్పుడు తెనాలి తీసుకెళ్ళింది, గుండె డాక్టరు దగ్గరికి. రాగసుధగారని చిన్నపిల్ల, లిడియా ఈడే ఉంటుంది. ఛాతీ మీద చల్లటి జిగురు రాసి గుండెను తెర మీద చూసింది. తర్వాత కూర్చోబెట్టి అడుగుతుండగా నేను నాలుగుసార్లు దగ్గాను. ఏడాదంతా ఇంతేనా అమ్మా అంది.

"లేదండి. శ్రమదినాల్లో ఉండదండి. ఆ నలభై రోజులు దేవుడు తీసేస్తాడు."

లిడియా బల్ల కింద నా కాలు తొక్కింది. డాక్టరమ్మ నవ్వలేదు. కలం కింద పెట్టి, కుర్చీ కాస్త ఇటు జరుపుకుని, "ఆ రోజుల్లో ఏం చేస్తారో చెప్పండమ్మా. పొద్దున లేచిన దగ్గర్నుంచి" అంది. సాక్ష్యం ఇంత శ్రద్ధగా విన్నవాళ్ళు లేరు. చెప్పాను. ప్రార్థన, ఉపవాసం, దీపాలవేళ అన్నం.

"మరి పొద్దున మాత్ర?"

"ఖాళీ కడుపు కదండి. మానేస్తాను."

"మానేస్తావా?" అంది లిడియా, అంత నెమ్మదిగా అది మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుంది, నాడి చూడటానికి కాబోలనుకున్నాను, చూడలేదు, ఊరికే పట్టుకుంది. "మీ దగ్గు ఆ మాత్రదే అమ్మా. అందరికీ రాదు, కొందరికి వస్తుంది, ఆడవాళ్ళకి కాస్త ఎక్కువ. ఊపిరితిత్తుల్లో జబ్బు లేదు కాబట్టే సిరప్పులకి లొంగలేదు. ఆపితే కొన్ని వారాల్లో పోతుంది, మళ్ళీ వేసుకుంటే వస్తుంది. మీరు ఏటేటా అదే చేస్తున్నారు" అంది. ఆ పైన, "కానీ మంచి మందమ్మా అది. మీ గుండెకి కాపలా ఉన్నది అదే. నలభై రోజులు కాపలా లేకుండా వదిలేశారు. ఈస్టరు తర్వాత ఆయాసం వస్తుందా?" అంది. అది ఆమెకెలా తెలిసిందని ఆశ్చర్యపోయాను. గుంటూరులో తీసిన పాత బొమ్మ, ఇప్పటి బొమ్మ పక్కపక్కన పెట్టి చూపించింది. నాకేం అర్థమవుతుంది, రెండూ వానలో తడిసిన కిటికీల్లా ఉన్నాయి. లిడియా ముఖం చూసి అర్థం చేసుకున్నాను.

అదే పని చేసే ఇంకో మాత్ర ఉందట, చెల్లెలి లాంటిది, దానితో దగ్గు సాధారణంగా రాదట. ఒక్కసారిగా లేస్తే కళ్ళు తిరగొచ్చు, నెమ్మదిగా లేవమంది. రెండు వారాలకు రక్తపరీక్ష చేయించుకోమంది. ఖాళీ కడుపుతోనైనా వేసుకోవచ్చంది, గుక్కెడు నీళ్ళు చాలంది. పస్తులు తగ్గించుకోమంది, ఈ ఎండల్లో నీళ్ళు మాత్రం అసలు మానొద్దంది. "ఏ మందైనా ఇబ్బంది పెడితే మీ అంతట మీరు ఆపొద్దమ్మా. నాకు చెప్పండి, మారుద్దాం. దగ్గొస్తోందని చెప్పడం తప్పు కాదు కదా" అంది. పాత దగ్గు వెంటనే పోదని, ఒక్కొక్కరికి రెండు మూడు నెలలు కూడా పట్టవచ్చని చివర్లో చెప్పింది. ఆ చివరి మాటే ఇవాళ నన్ను ఇలా కూర్చోబెట్టింది. నిన్న సాయంత్రం ఒకసారి దగ్గాను. చిన్నదే. పొయ్యి పొగేమో. ఏమో.

మెట్లు దిగుతూ లిడియా, "మాత్ర ఉంటే దగ్గుంది, మాత్ర లేకపోతే దగ్గు లేదు. నా ఆరో తరగతి పిల్లలు చెప్తారమ్మా" అంది. తర్వాత మందుల షాపు ముందు నిలబడి నా కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తన చున్నీ ఉండగా నా కొంగు.

తెనాలి నుంచి రేపల్లె పాసింజరులో ఒక్కదాన్నే వచ్చాను. లిడియా బాపట్ల బండి ఎక్కేసింది. వేమూరు దాటాక మినుము పీకిన చేలు, అక్కడక్కడా మంటలు, కిటికీలోంచి పొగ వచ్చింది, దగ్గాను, ఇది మాత్ర దగ్గా పొగ దగ్గా అని మొదటిసారి అనుకున్నాను. అన్నేళ్ళూ ప్రతి దగ్గులో దేవుడి కోపం విన్నాను. ప్రతి నిశ్శబ్దంలో ఆయన దయ విన్నాను. ఇప్పుడు ఆ కోపం లేదని తేలింది, సంతోషమే. మరి ఆ దయ? ఆ తెల్లవారుజామున మోకాళ్ళ మీద పడి ఏడ్చింది ఒక కందిగింజ లేనందుకా? ఇంటికొచ్చి మా ఆయనతో ఇదే అన్నాను. ఆయన హార్మోనియం తుడుస్తున్నారు.

"మా డిపోలో ఒక బండి వానాకాలమే బాగా లాగేది. వానంటే దానికి ఇష్టమనేవాళ్ళు డ్రైవర్లు. పూలదండ కూడా వేసేవాళ్ళు మొదటి చినుకుకి. నేను కిందికి దూరి చూస్తే రేడియేటరు కారుతోంది. వానకి చల్లబడేదంతే."

"నేను బస్సునాండి?"

"కాదులే. బస్సుకి దండేస్తే కృతజ్ఞత ఉండదు." కాసేపు తుడిచి, "ఆ డాక్టరమ్మ నిన్ను పూర్తిగా చెప్పనిచ్చిందిగా. నువ్వు సాక్ష్యం చెప్పబట్టేగా దొరికింది. దేవుడు ఏ దారిన వస్తాడో నాకేం తెలుసు, నేను మెకానిక్కుని" అన్నారు.

రత్నం ఇంటికి ఆ సాయంత్రమే వెళ్ళాను. నా సాక్ష్యం విని తానూ బీపీ మాత్ర మానేస్తానందని గుర్తొచ్చి దారిలో ఎక్కడా ఆగలేదు. గుమ్మంలోనే చెప్పేశాను, మానొద్దు, నాది పొరపాటు అని. ఆమె చేటలో బియ్యం ఏరుతూ, చర్చి కానుక డబ్బాలోకి పిడికెడు తీసి పోస్తూ, "నేను మానిందెప్పుడులే అక్కా. నీ సాక్ష్యం విన్నాను, ఈస్టరు తర్వాత నీ ఆయాసమూ చూశాను. నువ్వు ఇంటికి పోయేదాకా ఆగి వేసుకునేదాన్ని" అంది. ఇద్దరం నవ్వాం. ఆమె చేట కింద పెట్టి మరీ నవ్వింది. మా చర్చి పాస్టరు డేనియల్ అయ్యగారిని కూడా అడిగాను, ఉపవాసంలో మాత్ర, నీళ్ళు తప్పా అయ్యగారూ అని. "నేను సుగరు మాత్ర వేసుకుని, రెండు ఇడ్లీలు తినే మంచి శుక్రవారం చేస్తున్నానమ్మా. లేకపోతే నాలుగో మాటకే పడిపోతాను. అమ్మగారినడగండి, ఇడ్లీ పెట్టేది ఆమే" అన్నారు. అన్నేళ్ళుగా ఆయన్ని ఉపవాసమే అనుకున్నాను.

ఈ నలభై రోజులు కొత్తగా గడిచాయి. పస్తులకు బదులు మాంసం మానాను, టీవీ మానాను. తెల్లవారగానే గ్లాసుడు నీళ్ళు, మాత్ర, అప్పుడు ప్రార్థన. మొదట్లో మాత్ర మింగాక ప్రార్థన చేయడానికి మనసొప్పేది కాదు. తర్వాత అలవాటైంది. పాదాలు దిగాయి. ఒక దిండు తీసేశాను. దగ్గు పలచబడింది, పగలు పోయింది, రాత్రి ఒకటీ అరా మిగిలింది. ఇవాళ పొద్దున ఇంత ఉప్మా తిన్నాను. మంచి శుక్రవారం పొద్దున నా ఎంగిలి కంచం చూసుకుని నాకే సిగ్గేసింది. ఆయన ఎదురుగా కూర్చుని నేను తినేదాకా లేవలేదు. తను మాత్రం చెంబు వైపు చూడలేదు.

నాలుగో మాట అయిపోయిందని ముందు కరెంటు చెప్పింది, ఫ్యాన్లన్నీ ఒక్కసారి ఆగాయి. పంతులుగారు ముఖం తుడుచుకుని దిగారు. ఎక్కడో రేపల్లె బండి కూత. హార్మోనియం తిత్తి ఊపిరి పీల్చుకుంది. నెమ్మదిగా లేవాలి. లేచాను, ఒక్క నిమిషం బెంచీ పట్టుకుని నిలబడ్డాను, నేల కదల్లేదు. రత్నం సంచి అందించబోయింది. వద్దన్నాను, మళ్ళీ తీసుకున్నాను, వేదిక మెట్టు దగ్గర పెట్టాను. మా వదిన మొదటి వరసలో తల వంచుకుని ఉంది, ఉంగరం వేలు తిప్పుకుంటూ.

నదుల పుట్టించినవాడా, నాలుక ఎండిందా. నా గొంతు నాకే కొత్తగా ఉంది. పస్తు గొంతు సన్నగా ఉండేది, వణికేది, ఆ వణుకుకే జనం ఏడ్చేవారు. ఇది వణకడం లేదు. తిన్నదాని గొంతు, నీళ్ళు తాగినదాని గొంతు. ఇలాంటి గొంతుతో దాహం గురించి పాడవచ్చా. పాడుతున్నాను. మొదటి చరణంలో బావి, రెండో చరణంలో సిలువ మీద ప్రభువుకందించిన పుల్లటి చిరక. మా ఆయన వేళ్ళు మెట్ల మీద నాకంటే అర అడుగు వెనకగా వస్తున్నాయి, ఎక్కడ పడిపోతానో పట్టుకోవడానికన్నట్టు. మూడో చరణం ఎత్తుకోవాలి. ఊపిరి తీశాను, ఈక కదిలింది. కదిలింది, లేదు నిజంగానే కదిలింది, గొంతు మొదట్లో, అక్కడే, ఎప్పుడూ ఉండే చోట. హార్మోనియం ఒక్క స్వరం మీద నిలబడిపోయింది. ఆయన చూస్తున్నారు. తండ్రీ, వస్తే రానీ, పంపేది నువ్వు కాదని నాకు తెలుసు, అనుకున్నాను. అనుకున్నానా, పొగ అనుకున్నానా, ఉమ్మి మింగాను. తడి ఉంది. నోట్లో తడి ఉంది, పొద్దున తాగిన నీళ్ళ తడి. ఈక ఆగింది. కడవ నిండుగ తెచ్చితిని, దోసిలి పట్టవయా. చివరి మాట ఎంతసేపు పట్టి ఉంచాలో అత్తగారు నేర్పారు. అంతకంటే కాస్త ఎక్కువే ఉంచాను.

అయిదో మాట ఎవరు చెప్పారో, ఆరు, ఏడు ఎలా గడిచాయో, నేను విన్నానని చెప్పలేను. గంట కొట్టారు. అందరూ వసారాలోకి వచ్చారు. మా వదిన మజ్జిగ కుండ దగ్గర నిలబడి గ్లాసులు అందిస్తోంది. నాకూ ఇచ్చింది, ఇస్తూ, "అమ్మ కూడా చివర అంత లాగేది కాదు" అంది. అది పొగడ్తో తప్పు పట్టడమో తెలియలేదు, గ్లాసు మాత్రం నిండా పోసింది. ఆయన ఎప్పటిలాగే మజ్జిగ వైపు రాకుండా గోడవారగా సైకిలు దగ్గరికి నడుస్తున్నారు. గ్లాసు రత్నం చేతిలో పెట్టి వెళ్ళాను. సంచిలోంచి సీసా తీశాను. మూత తీయని సీసా, పొద్దున ఎంత పోశానో అంతే ఉంది.

"పట్టండి" అన్నాను.

"ఏంటి? చీకటి పడనీ."

"దోసిలి పట్టండి."

ఆయన మా వదిన వైపు చూశారు. వదిన గరిటె కుండలో ఉంచి ఇటే చూస్తోంది. "పట్టరా, అడుగుతోందిగా" అంది.

రెండు చేతులూ దగ్గరకు తెచ్చారు. నల్లగీతల గోళ్ళు, బీటలు వారిన అరచేతులు. పోశాను. సగం వేళ్ళ సందుల్లోంచి కారి నా పాదాల మీద పడ్డాయి. మిగతా సగం ఆయన వంగి తాగారు, గొంతులో ఆ చప్పుడు నాకు దగ్గరగా వినిపించింది. తల ఎత్తకుండానే చేతులు మళ్ళీ చాపారు. మళ్ళీ పోశాను.